రక్తం పడితే మొలలేనా?

మన రెండు జిల్లాలలో ఏ బస్టాండు దగ్గర దిగినా గోడల మీద ఒకే రాత కనిపిస్తుంది. మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం, నొప్పి లేదు, కోత లేదు, మూడు రోజుల్లో గుణం. మందుల షాపులో అడిగితే మలాం ట్యూబు చేతిలో పెడతారు. ఊళ్లో ఆర్.ఎం.పి.ని అడిగితే సూది వేస్తాడు. పొలం గట్టు మీద ముసలివారిని అడిగితే ముల్లంగి రసమో, మజ్జిగలో ఏదో ఆకు పసరో చెబుతారు. ఇంత మంది వైద్యం చెప్పేవారు ఉన్న ఈ జబ్బుకు సంబంధించి ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అది నిజంగా మొలలేనా?

ఈ ప్రశ్న వేయని కారణంగా మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మా పెద్దనాన్న కొడుకు. పత్తికొండ వైపు మా ఊళ్లో ఏడెకరాల మెట్ట. వేరుశనగ, బోరు కింద కొంచెం టమోటా. వయసు 52. బీడీ తప్ప మరో అలవాటు లేదు. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోందని వదినతో చెప్పాడు. వదిన మా ఆవిడతో చెప్పింది. మా ఆవిడ నాతో చెప్పింది. ఇలాంటి మాట మన ఇళ్లలో ఇలాగే ప్రయాణం చేస్తుంది కదా! నేను ఊరికి పోయినప్పుడు కదిలించాను.

"ఏమన్నా, డాక్టరుకు చూపిచ్చుకుంటివా?"

"మొలలే లేప్పా. ఎండకు వేడి చేసింది. నాలుగు దినాలు మజ్జిగ తాగితే సద్దుకుంటాది."

సర్దుకోలేదు. ఆర్.ఎం.పి. మందులు ఏడాది వాడాడు. తర్వాత ఒక పట్నంలో మొలల వైద్యుడని పేరున్న ఒకాయన దగ్గర దారం కట్టించుకున్నాడు. మధ్యలో కళ్లు తిరిగి పొలంలో పడిపోతే, రక్తం తక్కువగా ఉందని ఒక ఆసుపత్రిలో ఐరన్ మాత్రలు రాసి పంపారు. మనిషి పాలిపోయాడు, నడుము సన్నబడింది, రోజుకు ఆరేడు సార్లు దొడ్డికి పోతున్నా ఇంకా మిగిలే ఉన్నట్టు ఉంటుందనేవాడు. ఈ రెండేళ్లలో ఆయనను చూసినవారు నలుగురు. ఒక్కరు కూడా చేతికి గ్లవుజు తొడుక్కుని వేలితో పరీక్ష చేయలేదు. చివరకు కర్నూలులో ఒక డాక్టరు ఆ పని అర నిమిషంలో చేశాడు. వేలి కొసకే గడ్డ తగిలింది. పురీషనాళానికి క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. ఆ తర్వాత పదకొండు నెలలు బతికాడు.

ఎవరినో నిందించటానికి ఇది చెప్పటం లేదు. దారం కట్టినాయన తనకు వచ్చిన పని తాను చేశాడు. తప్పు మన అందరిలో ఉన్న ఒక నమ్మకానిది. రక్తం అంటే మొలలు, మొలలు అంటే సిగ్గు, సిగ్గు అంటే దాచుకోవటం.

నిజమే, రక్తం పడే వారిలో ఎక్కువమందికి ఉండేవి మొలలే. లేదా మలద్వారం దగ్గర చిన్న చీలిక. అందుచేత ఈ వ్యాసం చదివి ఎవరూ హడలిపోనవసరం లేదు. కానీ మొలలా కాదా అనేది మనకు మనం తేల్చుకునే సంగతి కాదు. మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ ఉండకూడదనే నియమం కూడా ఏమీ లేదు. రెండూ కలిసి ఉండవచ్చు.

ఈ జబ్బు మనకు రాదనుకునే వారు చాలామంది. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తిన్న ఒళ్లకు పేగు క్యాన్సరా అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఉగాండాలో ఏళ్ల తరబడి పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే డాక్టరు, పీచు బాగా ఉండే మోటు తిండి తినే ఆఫ్రికా పల్లెల్లో ఈ జబ్బు అరుదని 1971లో రాశాడు. మన దేశంలోనూ ఇప్పటికి ఇది పాశ్చాత్య దేశాల కంటే తక్కువే. కానీ ఇప్పుడు సంగటి ఎన్ని ఇళ్లలో రోజూ కెలుకుతున్నారు? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, దానిని ఎవరూ కాదనరు. కానీ జొన్న, కొర్ర చేలలోంచీ పోయాయి, కంచాల్లోంచీ పోయాయి. నేడు సంగటి నాటుకోడి పులుసుతో పాటు హోటల్ బోర్డు మీద కనిపించే వంటకం. బీడీ, సారాయి, పెరిగే పొట్ట, తగ్గే నడక, వీటిలో ప్రతిదీ పేగు క్యాన్సర్ అవకాశాన్ని పెంచేదే. పైగా సంగటి తిన్నవారికి అవకాశం తక్కువేమో గానీ, అసలు రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. మా అన్న చివరి దాకా సంగటే తిన్నాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 19 లక్షల మందికి పైగా పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ వస్తోంది. 9 లక్షల మంది చనిపోతున్నారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల తర్వాత స్థానం దీనిదే. మన దేశంలో కొత్త రోగులు ఏటా సుమారు 70 వేలు. మన దగ్గర పెద్దపేగు పైభాగం కంటే కింద ఉండే పురీషనాళానికే ఇది ఎక్కువగా రావటం, 50 లోపు వారిలోనూ కనిపించటం, ముదిరిన తర్వాతే ఆసుపత్రికి చేరటం పెద్ద ఆసుపత్రుల డాక్టర్లు తరచూ చెప్పే సంగతులు.

ఇంతకూ ఈ జబ్బులో ఒక మంచి గుణం ఉంది. క్యాన్సర్‌కు మంచి గుణమేమిటి అనకండి. ఇది నిదానంగా వస్తుంది. ముందు పేగు లోపలి గోడ మీద పులిపిరి లాంటి చిన్న కండ పుడుతుంది. డాక్టర్లు దాన్ని పాలిప్ అంటారు. అలాంటివి చాలామందిలో ఉంటాయి, అన్నీ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి కూడా మామూలుగా పదేళ్లు పడుతుంది. అన్నేళ్ల వ్యవధి ఇచ్చే శత్రువు మరొకటి ఉందా? చేలో పురుగు గుడ్డు దశలో కనిపిస్తే ఆకు తుంచి పారేస్తాం. ఇదీ అంతే. పాలిప్‌ను పరీక్ష చేస్తూనే తీసి పారేయవచ్చు. తీసేస్తే ఆ చోట క్యాన్సర్ రాదు. వచ్చిన తర్వాత చూసినా, పేగు గోడ దాటకముందే పట్టుకుంటే అమెరికా లెక్కల ప్రకారం పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకిన తర్వాత అయితే పదిమందిలో ఒకరో ఇద్దరో. ఈ రెండు లెక్కల మధ్య తేడా మందుల్లో కంటే, పట్టుకున్న రోజులో ఉంది.

సరే, పరీక్షలు ఏమున్నాయి, ఎవరికి ఏది?

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. ఏ బాధా లేని మనిషి ముందు జాగ్రత్తగా చేయించుకునే పరీక్ష వేరు. బాధ ఉన్న మనిషి చేయించుకోవలసిన పరీక్ష వేరు. రక్తం పడుతున్నా, రెండు మూడు వారాలుగా మలవిసర్జన తీరు మారినా, సన్నగా వస్తున్నా, ఎంత పోయినా మిగిలినట్టే ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మీరు రెండో రకం. మీరు ఏ పరీక్ష మంచిదని వెతుక్కోనవసరం లేదు. నేరుగా డాక్టరు దగ్గరకు పోయి, వేలితో చూడమని మీరే అడగండి. అడగటానికి నామోషీ పడకండి. దాని తర్వాత గొట్టంతో చూడాలా, పేగంతా చూడాలా అనేది ఆయన చెబుతాడు. కంటికి కనిపించే రక్తం పెట్టుకుని, కనిపించని రక్తం కోసం మలం పరీక్ష చేయించి, అది బాగానే ఉందని ఇంటికి పోయి పడుకునేవారు ఉన్నారు. అలా చేయకండి.

ఈ రెండో రకంలోనే మరొకరిని చేర్చాలి. రక్తహీనత ఉన్న మగవాడు, ముట్లు ఆగిపోయిన ఆడమనిషి. మన కరువు సీమలో రక్తం తక్కువంటే తిండి తక్కువని అర్థం చెప్పుకోవటం అలవాటు. ఐరన్ మాత్రలు ఇస్తారు, కొంచెం తేరుకుంటారు, మళ్లీ పడతారు. 50 దాటిన మనిషికి ఐరన్ తగ్గి రక్తం తగ్గిందంటే అది ఎక్కడికి పోతోందని వెతకాలి. గాబులో నీళ్లు తగ్గుతుంటే పోస్తూ కూర్చుంటామా, చిల్లి ఎక్కడుందో చూస్తామా? మా అన్న విషయంలో ఐరన్ మాత్రలు ఇచ్చిన రోజే ఈ ప్రశ్న పుట్టి ఉండవలసింది.

ఇక ఏ బాధా లేనివారి సంగతి. వీరికి ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్నవి రెండే రెండు పరీక్షలు. ఒకటి మలంలో కంటికి కనపడని రక్తం కోసం చూసేది. రెండోది కొలనోస్కోపీ, అంటే చివర కెమెరా ఉన్న మెత్తని గొట్టంతో పెద్దపేగు మొత్తం చూడటం.

మలం పరీక్షలో మళ్లీ పాతది, కొత్తది ఉన్నాయి. పాత పద్ధతిలో రసాయనం చుక్క వేసి రంగు మారుతుందా అని చూసేవారు. దానికి ముందు మూడు రోజులు మాంసం తినకూడదు. మేక రక్తానికీ మనిషి రక్తానికీ దానికి తేడా తెలియదు. కొత్త పద్ధతిని ఫిట్ అంటారు. అది మనిషి రక్తాన్నే గుర్తుపడుతుంది. పథ్యం లేదు. అందుచేత లేబొరేటరీకి పోయినప్పుడు చేసేది ఏ పరీక్ష అని అడగటం మంచిది. పాత పద్ధతీ పనికిరానిది కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా మనుషుల మీద పాత పద్ధతితోనే చేసిన పెద్ద పరిశోధన ఫలితం 1993లో వచ్చింది. ఏటేటా పరీక్ష చేయించుకున్న వారిలో ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. ఒక చిన్న చీటీ ముక్క మీద మలం రాసి ఇవ్వటంతో మూడో వంతు చావులు తగ్గటం చిన్న విషయమా?

ఫిట్ ఖర్చు వందల రూపాయల్లో ఉంటుంది. కొలనోస్కోపీ ప్రయివేటులో వేలల్లో. ఫిట్‌కు పొలం పని మానుకోనవసరం లేదు, తోడు మనిషి అక్కరలేదు, మత్తు లేదు. ఒక పుల్లతో మలం కొంచెం తీసి, వారిచ్చిన చిన్న సీసాలో ముంచి మూత పెట్టి ఇవ్వటమే. ఎలా తీయాలన్నది మాత్రం చెప్పాలి, ఎవరూ చెప్పరు. మరుగుదొడ్డి బేసిన్‌లో పాత పేపరో, వెడల్పాటి ఆకో పరచి, మలం నీళ్లలో పడకముందే తీయాలి. ముట్టు రోజుల్లో ఆడవారు ఆగాలి. మొలల రక్తం కనిపిస్తున్న రోజుల్లో ఈ పరీక్ష వద్దు, ముందు డాక్టరు. తీసిన సీసాను మన మే నెల ఎండలో సైకిలు బుట్టలో వేసి రోజంతా తిప్పకుండా తొందరగా అందజేయాలి. వేడికి అందులోని రక్తం గుర్తు చెడిపోతుంది.

దీని లోపాలూ చెప్పాలి. ఒకసారి చేస్తే నాలుగు క్యాన్సర్లలో సుమారు మూడింటిని పడుతుంది, ఒకటి తప్పిపోతుంది. రక్తం కారని పాలిప్‌లను చాలా వరకు చూడలేదు. అందుకే ఒకసారి చేయించుకుని సంబరపడితే లాభం లేదు. ఏటా, కనీసం రెండేళ్లకోసారి చేయించుకోవాలి. ఇంకొకటి, పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు. బాధ లేనివారిలో పాజిటివ్ వచ్చిన పదిమందిని తీసుకుంటే తొమ్మిదిమందికి పైగా క్యాన్సర్ ఉండదు. పాలిప్ ఉండవచ్చు, మొలలు ఉండవచ్చు, ఏమీ ఉండకపోవచ్చు. కానీ పాజిటివ్ వచ్చిన వారు కొలనోస్కోపీ చేయించుకోవలసిందే. మళ్లీ ఒకసారి మలమే ఇచ్చి చూద్దాం, ఈసారి మంచిగా వస్తుందేమో అనే బేరం కుదరదు. కొలనోస్కోపీకి సిద్ధపడని వారు ఫిట్ చేయించుకుని ప్రయోజనం లేదు. ఈ మాట ముందే అనుకుని సీసా చేతిలోకి తీసుకోవాలి.

కొలనోస్కోపీలో చూడటం, తీయటం రెండూ ఒకేసారి అయిపోతాయి. బాగుంటే మామూలు మనిషికి మళ్లీ పదేళ్ల దాకా అక్కరలేదు. పేగుకు చిల్లు పడే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరి కంటే తక్కువ. కష్టమంతా ముందు రోజుదే. సంగటి, రొట్టె, ఆకుకూర, గింజలున్న కూరలు రెండు రోజుల ముందు నుంచే మానాలి. ముందు రోజు వడగట్టిన చారునీళ్లు, కొబ్బరినీళ్లు లాంటివే. సాయంత్రం నుంచి పొడిమందు కలిపిన నీళ్లు లీటర్ల లెక్కన తాగాలి. పేగు కడిగిన గిన్నెలా కావాలి. సరిగా కడగకపోతే డాక్టరుకు ఏమీ కనిపించదు, మళ్లీ రమ్మంటాడు. ఇప్పుడు ఆలూరు నుంచో, చాపాడు నుంచో తెల్లవారుజాము బస్సెక్కి రావలసిన మనిషి సంగతి ఆలోచించండి. మందు తాగి బస్సెక్కడం సాధ్యమా? అందుకని పరీక్ష ముందు రోజు రాత్రే పట్నంలో చుట్టాల ఇంట్లోనో, మరుగుదొడ్డి ఉన్న సత్రం గదిలోనో దిగటం మేలు. చక్కెర జబ్బుకు, గుండెకు, రక్తం పలుచబరిచేందుకు మందులు వాడేవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. మత్తు ఇస్తారు కనుక ఇంటికి తీసుకుపోవటానికి ఒక మనిషి తోడుండాలి.

రెండింటిలో ఏది గొప్ప అంటే డాక్టర్లు కూడా వాదించుకుంటారు. స్పెయిన్ దేశంలో 50 నుంచి 69 ఏళ్ల వారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును ఒకే ఒక్క కొలనోస్కోపీకి, మరో జట్టును రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచారు. పదేళ్ల తర్వాతి ఫలితం 2025లో వచ్చింది. ఈ క్యాన్సర్ చావుల్లో రెండు జట్ల మధ్య తేడా లేదు. పిలిస్తే వచ్చిన వారు మాత్రం ఫిట్‌కే ఎక్కువ. నార్వే, పోలండ్, స్వీడన్‌లలో కొలనోస్కోపీకి పిలిచి చూసిన మరో పరిశోధన 2022లో వచ్చింది. అక్కడ చదువుకున్న, డబ్బున్న జనంలోనే సగానికి పైగా రాలేదు. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చే పరీక్ష కంటే, ఇంటి గుమ్మం దాటకుండా అయ్యే పరీక్షకే మనుషులు ఒప్పుకుంటారని నాకు అర్థమైంది. జపాన్ ఈ పని 1992 నుంచే మలం పరీక్షతో చేస్తోంది. ఇంగ్లాండులో సీసాను పోస్టులో ఇంటికే పంపుతారు.

మూడో నాలుగో పరీక్షలు ఉన్నాయి. కడుపుకు సి.టి. స్కాన్ చేసి పేగును బొమ్మలో చూడటం ఒకటి. రక్తపరీక్షతోనే పసిగట్టే పద్ధతికి 2024లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అది పాలిప్‌లను పట్టటంలో చాలా వెనుక. మనకు వాటితో పని లేదు. కానీ పట్నాల్లో ఫుల్ బాడీ చెకప్ పేరిట సి.ఇ.ఎ. అనే రక్తపరీక్షను చేర్చి, క్యాన్సర్ లేదని తేలిందని చెప్పే వ్యాపారం ఒకటి నడుస్తోంది. సి.ఇ.ఎ. అనేది జబ్బు తేలిన వారికి వైద్యం ఎలా పనిచేస్తోందో గమనించటానికి పనికివచ్చేది. ముందుగా పసిగట్టటానికి పనికిరాదు. ఆ డబ్బుతో ఫిట్ చేయించుకోండి.

ఎప్పటి నుంచి అంటారా? అమెరికాలో 50 నుంచి మొదలుపెట్టమనేవారు, 2021లో 45కు దించారు. మన దగ్గర ఆ వయసుకు తొందరపడేంత జబ్బు లేదని నా అభిప్రాయం. 50 దాటిన వారు ఏటా ఫిట్ చేయించుకుంటే చాలు. 75 దాటిన తర్వాత ఒంటి తీరును బట్టి డాక్టరును అడిగి మానుకోవచ్చు. అయితే తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో, బిడ్డకో ఈ క్యాన్సర్ వచ్చిన వారి లెక్క వేరు. వారికి ఫిట్ చాలదు. 40 ఏళ్లకో, లేదా ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసు కంటే పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడే కొలనోస్కోపీ చేయించుకోవాలి. కొన్ని కుటుంబాల్లో పాలిప్‌లు వందల సంఖ్యలో యవ్వనంలోనే పుడతాయి, వారు ఇంకా ముందే చూపించుకోవాలి. మేనమామే పిల్లనిచ్చిన మామ అయ్యే మన ఇళ్లలో తల్లి వైపా తండ్రి వైపా అని అడగటం కూడా చిక్కే. రెండు వైపులా అడగండి. మా జేజి కడుపులో గడ్డతో పోయింది అంటారు. ఏ గడ్డ, ఎక్కడ గడ్డ, ఆమెకు అప్పుడు ఎన్నేళ్లు? ముసలివారు బతికుండగానే తెలుసుకోండి.

ఇక ప్రభుత్వం సంగతి. ముప్పై దాటిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం పరీక్షలు చేయాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇళ్లకు వచ్చి అడుగుతున్నారు. మంచి పని. అందులో పేగు క్యాన్సర్ లేదు. దేశం మొత్తం మీద ఆ మూడు క్యాన్సర్లే ఎక్కువ కనుక వాటికి ముందు పీట వేశారు, దానిని తప్పు పట్టలేం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. పేరు మారుతూ నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. పేదవారికి క్యాన్సర్ ఆపరేషన్‌కు అది పెద్ద దిక్కు. అయితే అది ప్రధానంగా జబ్బు తేలిన తర్వాత ఆదుకునేది. జబ్బు లేనప్పుడు చూసేది కాదు. లక్షలు పోసి ముదిరిన క్యాన్సర్‌కు వైద్యం చేయించే సర్కారు, వందల్లో అయ్యే సీసా ఇవ్వటానికి ఎందుకు వెనుకాడాలి?

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. ఊరూరా సీసాలు పంచితే పాజిటివ్ వచ్చిన వారందరికీ కొలనోస్కోపీ చేసే డాక్టర్లు ఎక్కడ అంటారు. సరైన ప్రశ్నే. జవాబు థాయిలాండ్‌లో ఉంది. అది అమెరికా కాదు, మనలాగే వరి పండించే దేశం. అక్కడ లాంపాంగ్ అనే జిల్లాలో 2011లో 50 నుంచి 65 ఏళ్ల వారికి ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది చేతనే ఫిట్ పంచి చూశారు. లక్షా 27 వేల మందిని పిలిస్తే నూటికి 63 మంది ఇచ్చారు. పాజిటివ్ వచ్చింది నూటికి ఒకరి కంటే కాస్త ఎక్కువ మందికి. ఆ తర్వాత దేశమంతటికీ ఈ పథకాన్ని విస్తరించారు. ఆ లెక్కన మన మండలం ఒక దానిలో 50 దాటిన వారు 8 వేల మంది సీసాలు ఇచ్చారనుకుందాం. కొలనోస్కోపీ కావలసింది 90 మందికి. కొలత మార్చి మరికాస్త కఠినంగా చూస్తే రెండింతలనుకోండి, 180 మంది. ఏడాదిలో వారానికి ముగ్గురో నలుగురో. కర్నూలు, కడప పెద్దాసుపత్రులు మండలాలన్నిటికీ ఒకేసారి ఈ పని మోయలేవు, నిజమే. ఒక్క మండలంతో మొదలుపెట్టి చూడటానికి అడ్డం ఏమిటి? ఆదోని డివిజన్‌లో ఒకటి, జమ్మలమడుగు వైపు ఒకటి ఎంచుకోవచ్చు.

అది అయ్యేలోగా ఖర్చు లేని పని ఒకటి ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పడుతోందని వచ్చిన ప్రతి మనిషికీ వేలితో పరీక్ష తప్పనిసరి చేస్తూ జిల్లా వైద్యాధికారి ఒక ఉత్తర్వు ఇవ్వాలి. చీటీ మీద ఆ పరీక్ష చేసినట్టు రాయాలి. రాయకుండా మొలల మందు ఇవ్వకూడదు. ఆడవారికి ఆడ డాక్టరో, నర్సు తోడో ఉండాలి. గ్లవుజు ఖరీదు ఎంత? గొట్టాలతో పేగు వైద్యంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి ఎం.బి.బి.ఎస్. చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలోనే. ఆ కాలేజీ ఉన్న జిల్లాలో మనుషులు మొలల మలాముతో చివరి దాకా నెట్టుకురావటం బాగుండలేదు.

నాకు 58. అన్న నాకు పెద్దనాన్న కొడుకే కనుక నా విషయంలో ఫిట్ చాలని డాక్టరు అన్నాడు. సంక్రాంతి వెళ్లిన వారం ఏటా ఇచ్చి వస్తున్నాను. మొదటిసారి సీసా పట్టుకుని లేబొరేటరీ బల్ల ముందు నిలబడినప్పుడు వెనుక ఎవరైనా తెలిసినవారు ఉన్నారేమోనని చూసుకున్నాను. రెండో ఏడు ఆ చూపు కూడా లేదు.

అన్నకు సొంత తమ్ముడు ఒకడున్నాడు. వాడికి 47. లెక్క ప్రకారం ఏడేళ్ల కిందటే కొలనోస్కోపీ కావలసింది. మొదటిసారి అడిగితే శనక్కాయ కలుపు ఉందన్నాడు. రెండోసారి టమోటా ధర పడిపోయింది, చేతిలో రూపాయి లేదన్నాడు. పెద్దాసుపత్రిలో డబ్బు అడగరని చెబితే, "నాకేమయింది లేన్నా, రాయి మాదిరి ఉండా" అన్నాడు. వదిన వాడిని ఇంట్లో కూర్చోబెట్టి అన్న చివరి నెలల సంగతి ఒక గంట చెప్పిందట. ఏం చెప్పిందో నాకు తెలియదు. వచ్చే మంగళవారానికి తేదీ తీసుకున్నాం. సోమవారం మధ్యాహ్నానికి కర్నూలులో మా ఇంటికి వస్తాడు. పొడిమందు కొని బీరువాలో పెట్టాను.